సగం లారీ, సగం ట్యాంకు

నేను పళ్ళ సెట్లు తయారుచేసే ల్యాబులో పని చేస్తాను. గులాబీ రంగు పొడిలో ఒక మందు పోసి కలిపితే చిగుళ్ళ ముద్ద తయారవుతుంది. ఆ మందు సీసా మూత తీయగానే ఘాటు వాసన గదంతా కమ్ముకుంటుంది. కొత్తగా చేరిన పిల్లలు ముక్కుకు చున్నీ అడ్డం పెట్టుకుంటారు. నేను పెట్టుకోను. ఆ వాసన తగలగానే నేను మా పాత క్వార్టరు వసారాలో, చిన్నాయన పక్కన పీట మీద ఉంటాను. నాకు పన్నెండేళ్ళు. ఆయన చేతిలో బ్లేడు ఉంటుంది. ఆ తర్వాత జరిగింది గుర్తుకు రాకముందే సీసా మూత పెట్టేస్తాను. ఇన్నేళ్ళూ అట్లాగే నెట్టుకొచ్చాను.

కిందటి నెల చిన్నాయన పోయాడు. ఇక మూత పెట్టి లాభం లేదు.

మణుగూరు దాటి అడవిలోకి పోయే రోడ్డు మీద ఉండేది మా ఊరు. ఊరంటే ఒక మిషన్ దవాఖానా, దాని చుట్టూ పనివాళ్ళ క్వార్టర్లు, ఒక చర్చి, నాలుగు దుకాణాలు, రోడ్డుకు అవతల కోయగూడెం. అంతే. నాన్న ఆ దవాఖానాలో కంపౌండరు. నాన్నకు తమ్ముడైన చిన్నాయన అక్కడే కరెంటు పని చేసేవాడు. అయిదో తరగతితో బడి మానేశాడు గానీ ఆయన విప్పి మళ్ళీ బిగించలేని వస్తువు మా చుట్టుపక్కల లేదు. కుక్కర్లు, రేడియోలు, కుట్టుమిషన్లు అన్నీ మా వసారాకే వచ్చేవి. పెళ్ళి కాలేదు. పినపాకలో ఒక సంబంధం మాట్లాడుతున్నారు, పిల్ల టైలరింగ్ నేర్చుకుందట. ఆ మాట ఎత్తితే చాలు, చిన్నాయన లేచి స్క్రూడ్రైవరు వెతుక్కునేవాడు.

ఆ రోజుల్లో పెద్దవాళ్ళ మాటలు ఎక్కువగా సగంలోనే ఆగిపోయేవి. మేము దగ్గరికి వెళ్తే వానల సంగతి ఎత్తేవాళ్ళు. అయినా మాకు తెలుసు. లోపలోళ్ళు, అంటే అడవిలో తుపాకులు పట్టుకుని తిరిగేవాళ్ళు, ఏ గూడెంలోనో వచ్చి అన్నం అడిగి తిని పోతారు. తెల్లారి పోలీసులు వచ్చి అన్నం పెట్టింది ఎవరని అడుగుతారు. ఆ ఇంటాయన రెండు రోజులు కనపడడు. తర్వాత కుంటుకుంటూ దవాఖానాకు వస్తాడు, చెట్టు మీంచి పడ్డానని నాన్నకు చెప్తాడు. నాన్న అట్లాగే రాసుకునేవాడు. మా దవాఖానా చీటీలు చూస్తే ఆ అడవిలో అందరూ చెట్ల మీంచి పడ్డవాళ్ళే.

ప్రతి క్రిస్మస్‌కూ ఏదో దేశపు చర్చి నుంచి మాకు అట్టపెట్టెలు వచ్చేవి. వాటిలో పాత స్వెట్టర్లు, సబ్బులు, పిల్లలకు ఆటవస్తువులు ఉండేవి. మా ఎండలకు స్వెట్టర్లు ఎందుకని వాళ్ళు అడగలేదు, మేమూ చెప్పలేదు. ఆటవస్తువులు ఎవరికేది రావాలో పాస్టరుగారు చీటీలు తీయించేవారు. కళ్ళు మూసి తెరిచే బొమ్మ కోసం ఆ ఏడు నేను వారం రోజులు ప్రార్థన చేశాను. నాకు ఒక అట్టడబ్బా వచ్చింది. దాని మూత మీద ఒక మిలిటరీ బండి రంగుల బొమ్మ. ముందు లారీకి ఉన్నట్టు రెండు చక్రాలు, వెనక బొగ్గు గనుల్లో డోజరుకు ఉన్నట్టు చైను. మూత తీస్తే లోపల బండి లేదు. ప్లాస్టిక్ చట్రాలకు అంటుకుని వందల ముక్కలున్నాయి.

"ఆడపిల్లకు గీ లడాయి బండి ఏంది?" అంది అమ్మ. పోయి ఎవరితోనైనా మార్చుకోమంది. ఎవరూ మార్చుకోలేదు. చర్చి వెనక కూర్చుని ఏడుస్తుంటే చిన్నాయన వచ్చి నా ఒళ్ళోంచి ఆ డబ్బా తీసుకున్నాడు. అటు తిప్పి ఇటు తిప్పి చూశాడు. మూల మీద ఉన్న అంకెలు చదవమన్నాడు. ఒకటి, రెండు చుక్కలు, ముప్పై అయిదు. అసలు బండిని ముప్పై అయిదు పాళ్ళు చేస్తే ఇది అందులో ఒక పాలు అని బళ్ళో చదివిన లెక్కతో నేనే చెప్పాను. ఆయన ముఖం వెలిగిపోయింది. ముప్పై అయిదో వంతు మనిషి ఎంత ఉంటాడని అడిగి, తన బొటనవేలు చూసుకున్నాడు.

ఆ డబ్బాను ఎవరో అంతకుముందే విప్పారని ఇంటికి వచ్చాక తెలిసింది. ముందు చక్రాల్లో ఒకటి లేదు. ముందరి బంపరు, లాగే కొక్కెం, ఎక్కే మెట్లు లేవు. రబ్బరు చైను ఎండిపోయి ముట్టుకుంటే విరిగింది. ఎట్లా బిగించాలో చెప్పే కాగితం మాలో ఎవరికీ రాని భాషలో ఉంది, బొమ్మలు మాత్రం ఉన్నాయి.

"పంపినోళ్ళు సగం ఆడుకొని పంపిండ్రు," అన్నాడు చిన్నాయన. "మంచిదే. మిగిలిన సగం మనకు."

అట్లా మొదలైంది. దవాఖానా నుంచి వచ్చి, స్నానం చేసి, ఆయన వసారాలో చాప పరిచేవాడు. చట్రం నుంచి ఒక్కో ముక్కనూ గోళ్ళు తీసే కట్టరుతో కత్తిరించడం, అంచున మిగిలిన బొడిపెను గరుకు కాగితంతో రుద్దడం, జిగురు లేకుండా ఒకసారి పెట్టి చూడడం, సరిపోతేనే అతికించడం. డబ్బాలో జిగురు లేదు. గోళ్ళ రంగు తుడిచే మందులో చట్రం తునకలు వేస్తే కరిగి పాకమవుతుందని ఆయనే కనిపెట్టాడు. ఆ మందు నేను నర్సుల హాస్టల్ నుంచి దొంగిలించాను. టేకులపల్లిలో పెళ్ళికి పోవాల్సిన ఒక సిస్టరమ్మ సగం రంగు ఊడిన గోళ్ళతోనే పోయింది. ఆ మందు వాసన మా ల్యాబు వాసనకు చుట్టం.

ముక్కలన్నీ అగ్గిపెట్టెల్లో పెట్టి, ఏ పెట్టెలో ఏముందో పైన కాగితం అంటించి రాయమన్నాడు నన్ను. "నా రాత కోడి గెలికినట్టుంటది బిడ్డా. నువ్వు రాయి," అన్నాడు. అది నిజమే. ఆయన సంతకం కూడా మూడు ముక్కలుగా విరిగి ఉండేది. నాకేమో చేతిరాతకు బళ్ళో స్టీలు గ్లాసు బహుమతి వచ్చింది. అక్షరాలు గుండ్రంగా, ఒకదానికొకటి తగలకుండా రాసేదాన్ని. తలకట్లు కొంచెం ఎక్కువే పైకి లేచి ఉండేవి. అది చూసుకుని నాకు కాస్త పొగరు కూడా ఉండేది.

చిన్నాయనకు ఒకటే నియమం. చూడనిది చెయ్యకూడదు. కాగితం మీద చైను బిగుతుగా, గీత గీసినట్టు ఉంటే ఆయన ఒప్పుకోలేదు. ఒక ఆదివారం చర్చి అయ్యాక నన్ను సైకిల్ మీద ఎక్కించుకుని ఓపెన్‌కాస్ట్ గని అంచుకు తీసుకుపోయాడు. జేబులో రేగుపండ్లు పోసుకుని గట్టు మీద కూర్చున్నాం. కింద డోజరు నడుస్తుంటే దాని చైను పైభాగం ఎట్లా వదులుగా వేలాడుతుందో చూపించాడు. బిగుసుకుంటే తెగుతుందట. ఇంటికి వచ్చి పాత సైకిల్ ట్యూబు సన్నగా కోసి, కాలిన బ్లేడుతో గళ్ళు గీసి, అదే వదులుతో చైను చేశాడు. లేని చక్రాన్ని హవాయి చెప్పు రబ్బరుతో చెక్కాడు. మొదట చెక్కింది ఒక పక్క కొంచెం సొట్టగా వచ్చింది. నా కంటికి కనపడలేదు గానీ ఆయన దాన్ని ఒక అగ్గిపెట్టెలో పడేసి రెండోది చెక్కాడు.

మాత్రల అట్ట వెనకుండే వెండి రేకు హెడ్‌లైటు అద్దం అయింది. దవాఖానాలో కుట్లు వేసే దారం పేనితే లాగే మోకు అయింది. కుంచె కావాలంటే నా జడ కొస కత్తిరించి అగరుబత్తి పుల్లకు కట్టాడు. దానికి అమ్మ రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదు. అయినా ఎండుచేపల పులుసు కలిపిన అన్నం ఇద్దరికీ వసారాలోకే తెచ్చి పెట్టేది, చేతులు కడుక్కోమని తిట్టేది. ఎంత కడుక్కున్నా ఆ మందు వాసన ముద్దలో తగిలేది. ఇప్పపూలు రాలే రోజులు వచ్చాయి. గూడెం వైపు నుంచి ఆ తియ్యటి బరువు వాసన కూడా వచ్చి కలిసేది. ఇంత సంతోషంగా నేను మళ్ళీ ఎప్పుడూ లేను. అతిశయోక్తి కాదు, లెక్క చూసుకునే చెప్తున్నాను.

బంపరు, కొక్కెం, మెట్లు మాత్రం ఆగిపోయాయి. మిలిటరీ బండికి అవి ఎట్లా ఉంటాయో చిన్నాయన చూడలేదు.

అదే సమయంలో మా రోడ్డు మీద పోలీసులది ఒక పెద్ద బండి తిరగడం మొదలైంది. ఎత్తుగా, చుట్టూ మందపాటి ఇనుముతో ఉండేది. కింద బాంబు పేలినా లోపలున్నవాళ్ళకు ఏమీ కాదని చెప్పుకునేవాళ్ళు. అది మా బడి దగ్గరి కల్వర్టు పక్కన, బోరింగు నీళ్ళ కోసం ఆగేది. చిన్నాయన నన్ను అడిగింది ఒకటే, అసలు బండికి బురద ఎక్కడెక్కడ అంటుకుంటుందో చూసి రమ్మని. రంగు వేశాక బురద పూయాలి కదా.

నేను మొండిదాన్ని, పైగా మెప్పు కోసం చచ్చేదాన్ని. బురద ఒక్కటే చూసి ఊరుకుంటానా? కల్వర్టు గోడ మీద చింతకాయ నాకుతూ కూర్చుని మొత్తం చూశాను. బంపరు ఎన్ని జానలు, కొక్కెం ఏ ఆకారం, మెట్లు ఎన్ని, తలుపుకు బోల్టులు ఎన్ని, బండి కడుపుకీ నేలకీ మధ్య ఎంత ఎత్తు, నా నడుము దాకానా, ఛాతీ దాకానా. ఇంటికి వచ్చి జానలను స్కేలుతో కొలిచి, పక్కన ముప్పై అయిదుతో భాగించి నోట్‌బుక్‌లో రాసుకున్నాను. ఒక కుర్ర పోలీసు నన్ను రోజూ చూసి నవ్వేవాడు. ఒకరోజు రెండు గ్లూకోజు బిస్కెట్లు ఇచ్చి, నీ ఈడు చెల్లెలు ఉంది నాకు అన్నాడు. బండి ఒక్కో రోజు ఒక్కో సమయానికి వచ్చేది. అది ఎప్పుడు దొరుకుతుందో తెలుసుకోవడానికి వారం రోజుల టైములు కూడా రాశాను. సోమవారం పదిన్నర, మంగళవారం పన్నెండుంబావు, అట్లా. ఆ కాగితం వెనక వైపు దాని చక్రం బొమ్మ గీశాను. గాడి గాడికీ నీడ పెట్టి గీశాను. అంత మంచి బొమ్మ నేను అంతకుముందు గీయలేదు, ఆ తర్వాతా గీయలేదు.

చిన్నాయన వేలు పెట్టి చదువుకుంటూ పోయాడు. ఒక్కో కొలతకూ తల ఊపాడు. భలే చూసినవ్ అన్నాడు. నాకు రెక్కలొచ్చాయి. తర్వాత టైముల పేజీ దగ్గర వేలు ఆగింది.

"ఇవెందుకు రాసినవ్?"

మళ్ళీ చూడటానికని చెప్పాను. ఆయన లేచి వసారా మెట్టు దాకా వెళ్ళి రోడ్డుకు అటూ ఇటూ చూసి వచ్చాడు. గొంతు తగ్గించి, "ఈ పేజీ చింపి పొయ్యిల పెట్టు. జల్దీ పో," అన్నాడు. ఎందుకో చెప్పలేదు. చెప్పి ఉంటే బాగుండేదని ఎన్నిసార్లు అనుకున్నానో. అట్లా అనుకోవడం కూడా నా తప్పులో కొంత ఆయన మీదికి నెట్టడమే.

వంటింట్లోకి వెళ్ళాను. అమ్మ పప్పు మెదుపుతోంది. పేజీ తిప్పాను, చక్రం కనపడింది. పొయ్యి ముందు కూర్చుని దాన్నే చూశాను. తర్వాత నోట్‌బుక్ మూసి, బట్టల పెట్టె అడుగున పెట్టి వసారాలోకి వచ్చాను. పెట్టినవా అని అడిగాడు. పెట్టిన అన్నాను. ఆయన నమ్మాడు.

ఈస్టర్‌కు ముందు వచ్చే శ్రమ దినాలు సగం గడిచేసరికి బండి పూర్తయింది. ఆకుపచ్చ రంగు వేశాం. మా రోడ్డు మట్టినే అమ్మ పాత పైటగుడ్డలో జల్లించి, పలుచని జిగురుతో కలిపి చక్రాల గాళ్ళలో, మెట్ల కింద పూశాం. తుప్పుకు ఇటుక పొడి, పొగగొట్టానికి మసి. రేడియో మీద పెట్టి దూరంగా నిలబడి చూస్తే, అది చిన్నదని కాదు, అది ఎక్కడో చాలా దూరంలో ఉందని అనిపించేది. నాన్న డ్యూటీ దిగి రాగానే చెప్పులు విప్పకుండానే ఒకసారి దాని ముందు వంగేవాడు. అమ్మ కూడా దాని మీద దుమ్ము పడకుండా చేతిరుమాలు కప్పేది. బురద పూసిన బండికి దుమ్ము పడితే ఏమిటని మేం నవ్వితే ఆమెకు కోపం వచ్చేది.

తర్వాత వారానికి మా ఊరికి అవతల, మలుపు దగ్గర రోడ్డు పేలింది. పెద్ద బండి కాదు, దాని వెనక వచ్చిన జీపు. ఇద్దరు పోయారు. శవాలను మా దవాఖానాకే తెచ్చారు. నాన్న చొక్కా మార్చుకోవడానికి ఇంటికి వచ్చి, ఏమీ తినకుండా మళ్ళీ పోయాడు. నాకు బిస్కెట్లు ఇచ్చినాయన అందులో ఉన్నాడని తర్వాత తెలిసింది. ఆ చెల్లెలి గురించి ఇప్పటికీ ఆలోచిస్తాను, నా ఈడే కదా.

మట్టల ఆదివారానికి ముందు శనివారం. పొద్దున ఎనిమిది కావస్తోంది. చర్చికని కోసుకొచ్చిన ఈత మట్టలు వసారాలో పరిచి, ముళ్ళు తీస్తున్నాం నేనూ చిన్నాయనా. నాన్న డ్యూటీలో ఉన్నాడు. పోలీసులు క్వార్టర్లన్నీ వెతుక్కుంటూ వచ్చారు. మా ఇంట్లో నలుగురు, వాళ్ళ వెనక ఒక ఎస్సై. బియ్యం డబ్బా వంచారు, పరుపు కోశారు. ఎస్సై రేడియో దగ్గర ఆగాడు. చేతిరుమాలు తీసి, బండిని రెండు చేతులతో ఎత్తి వెలుతురులో పెట్టి చూశాడు. చైనును వేలితో నొక్కాడు. ఎవరు చేశారని అడిగాడు. చిన్నాయన తానే అన్నాడు. "మంచిగ చేసినవ్," అన్నాడు ఎస్సై. ఆ మాట మనస్ఫూర్తిగానే అన్నాడు, నాకు తెలుసు. బండిని మళ్ళీ మెల్లగా దాని చోట పెట్టాడు కూడా.

అప్పుడే లోపలి నుంచి ఒక పోలీసు బట్టల పెట్టెలో దొరికిన నోట్‌బుక్ తెచ్చి ఇచ్చాడు.

ఆయన తిరగేస్తూ పోయాడు. కడుపుకీ నేలకీ ఎత్తు. బోల్టులు. పక్కన అంకెలు. ఈ అంకెలేమిటి, ఏదైనా రహస్య కోడా అని అడిగాడు. ముప్పై అయిదుతో భాగించినవని చిన్నాయన చెప్పబోయాడు. ఇంతలో ఎస్సై టైముల పేజీ తెరిచి, దాన్ని చిన్నాయన ముఖం ముందు పెట్టాడు. చిన్నాయన దాన్ని చూశాడు. అది కాలిపోయిందని అనుకుంటున్నవాడు. నా వైపు తిరుగుతాడనుకున్నాను. తిరగలేదు. కళ్ళు కూడా ఇటు కదలలేదు.

"ఇది రాసిందెవరు?"

"నేనే సార్."

నా కుడిచేతి వేళ్ళకు సిరా మరకలున్నాయి. అమ్మ నా వెనకే నిలబడి ఉంది. నా చేతిని తన కొంగులోకి లాగి, వేళ్ళు విరుగుతాయన్నంత గట్టిగా పట్టుకుంది. నేను నోరు తెరవలేదు. నా నోటికి ఎవరూ చెయ్యి అడ్డం పెట్టలేదు. అమ్మ పట్టుకుంది చేతిని మాత్రమే. చిన్నాయనను తీసుకుపోయారు, బండిని బియ్యం సంచిలో వేసుకుని పోయారు. సంచిలో అది విరిగిన చప్పుడు వినపడింది.

వాళ్ళు పోయాక, అది రాసింది నేనని, పోయి చెప్తానని అమ్మతో అన్నాను. ముళ్ళు తీయని మట్టల మధ్య కూలబడి ఉన్న అమ్మ తల ఎత్తింది.

"నువ్వు పోతే నిన్ను గూడ తీస్కపోతరు. నీకు నేర్పిందెవరని మల్ల ఆయన్నే కొడ్తరు. ఆయన ఒప్పుకున్నది ఆగం చెయ్యకు," అంది.

పదకొండు రోజులు. నాన్నా, పాస్టరుగారూ రోజూ స్టేషన్‌కు పోయి అరుగు మీద కూర్చుని వచ్చేవాళ్ళు. ఇక్కడ లేడని ఒకరోజు, రేపు రమ్మని ఒకరోజు. మంచి శుక్రవారం మూడు గంటల ఆరాధనలో కూర్చున్నాను, ఒక్క మాట నా చెవిన పడలేదు. ఈస్టర్ నాడు ఇంట్లో పొయ్యి వెలిగించలేదు. చివరికి దవాఖానా ముసలి డాక్టరమ్మ తానే బయల్దేరింది. ఖాళీ అట్టడబ్బా, బిగించే విధానం కాగితం, చర్చిలో చీటీలు తీసిన జాబితా పట్టుకుని పెద్ద ఆఫీసరు ఎదుట పరిచి, ఇది క్రిస్మస్ బహుమతి, నోట్‌బుక్‌లో ఉన్నవి దాని కొలతలు, కావాలంటే భాగించి చూసుకోండి అందట. ఆయన కాగితం మీద భాగించి చూశాడట. బుధవారం వదిలిపెట్టారు. ప్రతి ఆదివారం పొద్దున వచ్చి సంతకం పెట్టాలన్నారు. రెండేళ్ళు పెట్టాడు. ఆ రెండేళ్ళూ చర్చికి రాలేదు, గంట కొట్టే సమయానికి ఆయన స్టేషన్ దారిలో ఉండేవాడు.

ఆయన వచ్చిన రోజు నేను తలుపు వెనక దాక్కున్నాను. అరికాళ్ళు నేల మీద మోపలేక నాన్న భుజం పట్టుకుని నడిచాడు. ఎడమచేతి రెండు వేళ్ళు వంకర తిరిగి ఉన్నాయి, అవి మళ్ళీ వంగలేదు. కుడిచేతికి ఒక్క దెబ్బ లేదు. చెట్టు మీంచి పడ్డాడని నాన్న ఈసారి రాయలేదు. ఏమీ రాయలేదు. పినపాక సంబంధం వాళ్ళు కబురు చేశారు, ఆ మాట ఇక మరిచిపొమ్మని.

ఆయన నన్ను ఏమీ అనలేదు. చింపమన్నాను కదా అని అడగలేదు. అడిగితే ఏడ్చేదాన్ని, తేలికయ్యేదాన్ని. నాకు ఆ సులువు కూడా దొరకలేదు.

కొన్ని నెలలకు, బడి నుంచి వస్తూ నాన్న దగ్గరికని దవాఖానాలోకి వెళ్ళాను. ఆపరేషన్ గది బయట కొత్త స్విచ్ బోర్డు పెట్టారు. దాని మీద అట్ట ముక్క. "మెయిన్ స్విచ్. ముట్టుకోవద్దు" అని రాసి ఉంది. దాటి పోయినదాన్ని వెనక్కి వచ్చాను. అది నా రాత. గుండ్రటి అక్షరాలు, పైకి లేచిన తలకట్లు. నేను మాత్రం రాయలేదు.

ఆ సాయంత్రం వసారాలో ఆయన ఫ్యూజు చుడుతుంటే అడిగాను. తల ఎత్తకుండానే చెప్పాడు.

"నా రాత చూసి నవ్విండ్రు. ఇది నీ రాత కాదు, రాసినోడెవడో చెప్పు అన్నరు. నిమ్మళంగ రాస్తే నాకు గిట్లనే వస్తది అన్న. అయితే రాయి అని ఆ పేజీ ముందట పెట్టిండ్రు. పొద్దంత రాసుడే. తప్పు పోతే కొట్టుడు, మల్ల రాసుడు. ఎనిమిదో దినం రెండు కాయితాలు పక్కపక్కన పెట్టి చూసిండు ఎస్సై. ఆ తర్వాత రాసినోడెవడని మల్ల అడగలే."

తీగ చివర కత్తిరించి, పళ్ళతో పట్టుకుని మళ్ళీ అన్నాడు. "రాసీ రాసీ చెయ్యికి గదే అలవాటయింది బిడ్డా. ఇప్పుడు నా పాత రాత రమ్మన్నా వస్తలేదు."

కుడిచేతిని వాళ్ళు ఎందుకు ముట్టుకోలేదో నాకు అప్పుడు అర్థమయింది.

ఆ తర్వాత నేను నా రాత మార్చుకున్నాను. కావాలనే. అక్షరాలు పక్కకు వంచి, ఒకదానిలో ఒకటి కలిపేసి, కోడి గెలికినట్టు. బళ్ళో టీచరు తిట్టింది, మార్కులు తగ్గించింది. మార్చుకుంటే ఏదో తీరుతుందనుకున్నాను. ఏమీ తీరలేదు. చిన్నాయన మళ్ళీ చిన్న పనులు చేయలేదు. ముక్కను పట్టుకోవాల్సింది ఎడమచెయ్యి. ఫ్యూజులు, ఫ్యాన్లు, మోటార్లు, అంతవరకే. నేను పళ్ళ పని నేర్చుకోవడానికి ఖమ్మం వస్తున్న రోజు బస్సు దాకా నా పెట్టె మోసుకొచ్చాడు. బస్సు కనపడ్డాక, నా వైపు చూడకుండా ఒక మాట అన్నాడు.

"ఆ పేజీ వెనక చక్రం బొమ్మ మంచిగ ఏసినవ్ బిడ్డా. పదకొండు దినాలు అదే చూసిన. నేనైనా చింపకపోదును."

బస్సులో ఇల్లెందు దాటేదాకా ఏడ్చాను. అది నిజం కాదని నాకు తెలుసు. ఆయనైతే చింపేవాడు.

కిందటి నెల చిన్నాయనను మట్టి చేశాక, అమ్మ ఆయన పనిముట్ల పెట్టె నా ముందు పెట్టింది, ఉంచేవి ఏవో పారేసేవి ఏవో చూడమని. అడుగున అగ్గిపెట్టెలు వరసగా ఉన్నాయి. ప్రతిదాని మీదా కాగితం. చిన్న స్క్రూలు. ఫ్యూజు తీగ. కార్బన్ ముక్కలు. కొన్ని నేను పన్నెండేళ్ళప్పుడు రాసినవి. కొన్ని ఆ తర్వాత ఇరవై ఏళ్ళలో ఆయన రాసుకున్నవి. కాగితాలన్నీ ఒకే తీరుగా పసుపెక్కి ఉన్నాయి. ఒక పెట్టె మీద "ముందు చక్రం" అని ఉంది. తెరిస్తే లోపల చెప్పు రబ్బరుతో చెక్కిన ఆ సొట్ట చక్రం. కిటికీ దగ్గరికి తీసుకుపోయి ఆ రెండు మాటలను చాలాసేపు చూశాను. పళ్ళ మీద వెంట్రుకంత తేడా పట్టగల కళ్ళు నావి. అది రాసింది నేనో ఆయనో నాకు తెలియలేదు.